ఫ్లేమ్‌ప్రూఫ్ దీపం కింద పాలిథిన్ సంచి

మందుల ఫ్యాక్టరీలో రసాయనాలు కలిపే రియాక్టర్ మ్యాన్‌హోల్ మూత తీసి ఉంటుంది. లోపల టోలీన్ అనే సాల్వెంట్, అంటే మండే ద్రావకం, తిరుగుతుంటుంది. పక్కనే నిలబడ్డ హెల్పర్ డ్రమ్ములోంచి పాలిథిన్ సంచి పైకి లాగి, మూతి విప్పి, పాతిక కిలోల పొడిని లోపలికి వంచుతాడు. సంచికి అంటుకున్నది కూడా పడాలి కదా, తూకంలో తేడా వస్తే షిఫ్ట్ కెమిస్ట్ ఊరుకోడు. అందుకే చివర్లో రెండుసార్లు గట్టిగా దులుపుతాడు.

ఇప్పుడు తలెత్తి చూడండి. మందపాటి గాజు, దాని చుట్టూ ఇనుప బోను, లోపల దీపం. ఫ్లేమ్‌ప్రూఫ్, పేలే ప్రమాదం ఉన్న చోట్ల వాడేది. దానికి వచ్చే వైరు ఆర్మర్డ్ కేబుల్, అది దూరే చోట బిగించిన గ్లాండ్ డబుల్ కంప్రెషన్. కింద మోటారు మీద సర్టిఫికెట్ నంబరు చెక్కిన చిన్న ప్లేటు. ఇన్‌స్పెక్షన్‌కి ఎవరొచ్చినా మేనేజర్ గారు వేలెత్తి చూపించేది ఆ దీపాన్ని, ఆ ప్లేటుని. సంచి మీద ఏ నంబరూ ఉండదు. కాబట్టి దాన్ని ఎవరూ చూడరు.

టోలీన్ ఆవిరి అంటుకోవడానికి పావు మిల్లీజౌల్ శక్తి చాలు. పొడి జారుతూ రాసుకున్న పాలిథిన్ సంచి మీద, నైలాన్ చొక్కాతో ఎపాక్సీ నేల మీద నాలుగడుగులు నడిచిన మనిషి ఒంటిమీద, చేరే స్టాటిక్ విద్యుత్తు అంతకు పదింతలు ఉన్నా ఆశ్చర్యం లేదు. టోలీన్ ఫ్లాష్ పాయింట్ 4 డిగ్రీలు. అంటే డిసెంబరు తెల్లవారుజామున పటాన్‌చెరులో చలికి పళ్లు కొట్టుకుంటున్నా సరే, ఆ మూతి దగ్గర మండే ఆవిరి సిద్ధంగా ఉంటుంది. గాలిలో నూటికి ఒక పాలు దాటితే చాలు. లక్షలు పోసి కొన్న దీపం నుంచి కాదు, ఆ రెండు దులుపుల నుంచి వస్తుంది నిప్పు.

నా వాదన ఇంతే. పేలుడు వాతావరణంలో భద్రత అనే విషయాన్ని మనం సామాన్ల కొనుగోలు పద్దుగా మార్చేశాం. వస్తువుకి సర్టిఫికెట్ అడుగుతాం, చోటుకి అడగం, మనిషికి అసలే అడగం. హైదరాబాద్ చుట్టూ జీడిమెట్ల, బొల్లారం, పాశమైలారం, గడ్డపోతారం, చౌటుప్పల్ వైపు పోయే దారుల్లో ఈ ముప్పై ఏళ్లలో పేలిన వాటిని తలుచుకుంటే నాకు ఈ మాట తప్ప మరోటి తోచదు.

వస్తువు సంగతి కూడా సరిగా లేదనుకోండి. తొంభైల్లో జీడిమెట్లలో మందుల ముడిసరుకు చేసే ఒక బల్క్ డ్రగ్ యూనిట్‌లో ఇన్‌స్ట్రుమెంట్ మెయింటెనెన్స్‌లో రెండేళ్లు చేశాను. సాల్వెంట్ యార్డు పక్కన ఒక జంక్షన్ బాక్సు ఉండేది. దాని మూతకి ఎనిమిది బోల్టులు. నేను చూసిన రోజున నాలుగే ఉన్నాయి, అవీ మూలకొకటి చొప్పున, ముచ్చటగా. ఫిట్టర్‌ని అడిగితే నవ్వాడు. "ఏంది సార్, రేపు మళ్ల ఇప్పాల్సిందే గదా. నాలుగు సాలవా? ఊడిపోతదా ఏంది?" మనిషి చెడ్డవాడు కాదు, పనిమంతుడు. నీళ్లు పోకుండా కేబుల్ దూరే చోట ఎంసీల్ ముద్ద కూడా పెట్టాడు, తన జేబులోంచి తీసి.

అతనికి ఎవరూ చెప్పనిది ఏమిటంటే, ఫ్లేమ్‌ప్రూఫ్ బాక్సు ఆవిరిని లోపలికి రానివ్వకుండా ఆపేది కాదు. ఆవిరి వస్తుంది. లోపల స్విచ్చు రవ్వ తగిలితే పేలుతుంది కూడా. పేలినా బాక్సు పగలకూడదు, మూతకీ ఒంటికీ మధ్య ఉన్న వెంట్రుకంత సందులోంచి బయటికొచ్చే మంట ఆ లోహానికి వేడినంతా అప్పగించి, చల్లబడి, చచ్చి బయటపడాలి. 1815లో శాస్త్రవేత్త డేవీ గని దీపం చుట్టూ ఇనుప వల చుట్టినప్పటి నుంచీ సూత్రం ఇదే. కాబట్టి ఆ సందు ఎంత వెడల్పు, ఎంత పొడవు అన్నదే ప్రాణం. నాలుగు బోల్టులు తీసేస్తే లోపలి పేలుడు ఒత్తిడికి మూత మిల్లీమీటరు లేస్తుంది. అంతే, సర్టిఫికెట్ నంబరు అలాగే ఉంటుంది, బాక్సు మాత్రం మామూలు డబ్బా. బోల్టు ఊడిపోవడం గురించి కాదన్నా, లేవడం గురించి అని ఆరోజు నాకూ సరిగ్గా చెప్పడం రాలేదు. నాకే ఆరు నెలల తర్వాత తెలిసింది.

ఇదంతా ఆవిరి కథ. పాశమైలారం మనకి ఇంకో కథ చెప్పింది.

2025 జూన్ 30 ఉదయం అక్కడి ఫ్యాక్టరీలో జరిగిన పేలుడు గురించి మళ్లీ వివరంగా రాయను, అందరూ చూశారు. 54 మంది పోయారు. వాళ్లలో 8 మంది దేహాలు కూడా దొరకలేదు. అక్కడ తయారయ్యేది మైక్రో క్రిస్టలైన్ సెల్యులోజ్. మీ ఇంట్లో ఉన్న బీపీ బిళ్ల, షుగరు బిళ్ల చేతిలోకి తీసుకోండి. అందులో అసలు మందు చిటికెడు. మిగతా ఒళ్లు చాలావరకు ఇలాంటి పొడే. కలప గుజ్జు నుంచి తీసిన, రుచీ వాసనా లేని తెల్లటి పొడి. విషం కాదు, సాల్వెంట్ కాదు. డ్రమ్ము మీద పుర్రె బొమ్మ ఉండదు. దాన్ని ఆరబెట్టే డ్రయర్ ఉన్న విభాగమే కుప్పకూలింది. ధూళి పేలుడే అయి ఉంటుందన్న అనుమానం మొదటి రోజుల నుంచే నిపుణుల నోట వినిపించింది.

పొడి పేలడమేమిటని ఆ వారం నన్ను అడిగినవాళ్లు చాలామంది. గిర్నీలో పిండి పట్టించుకునే జాతి మనది, ఆ తెల్లటి గాలి ఎంత మామూలో అంత తెలియదు. కుప్పగా ఉన్న పిండికి అగ్గిపుల్ల పెడితే మాడుతుంది, అంతే. అదే పిండి గాలిలో మేఘంలా లేచినప్పుడు ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది. నాలుగు గోడల మధ్య ఆ మేఘానికి నిప్పు తగిలితే పైకప్పు లేచిపోతుంది. అంతటితో అయిపోతే అదృష్టమే. మొదటి పేలుడు సాధారణంగా ఏ డ్రయర్‌లోనో, ఏ డక్టులోనో పుట్టే చిన్నది. ఆ కుదుపుకి దూలాల మీద, కేబుల్ ట్రేల మీద, ఫాల్స్ సీలింగ్ మీద ఏళ్ల తరబడి పేరుకున్న పొరంతా ఒక్కసారి లేస్తుంది. రెండోది దాంతో పుడుతుంది. బిల్డింగులు కూల్చేది ఆ రెండోదే. మిల్లీమీటరు మందం పొర కూడా తక్కువేమీ కాదు.

ఇప్పుడు మన ఫ్లేమ్‌ప్రూఫ్ దీపం దగ్గరికి మళ్లీ రండి. వెంట్రుకంత సందు మంటని చల్లారుస్తుందని చెప్పాను కదా. ఆ సందులోంచి మెత్తటి పొడి లోపలికి పోతుంది! ఆవిరికి రాసిపెట్టిన బాక్సు పొడికి రాసిపెట్టింది కాదు. పొడికి కావలసింది అసలు దూరనివ్వని బాక్సు, పైగా దాని ఒళ్లు వేడెక్కకూడదు. ఎందుకంటే మోటారు మీద కూర్చున్న అయిదు మిల్లీమీటర్ల పొర దుప్పటిలా వేడిని పట్టి ఉంచి, నెమ్మదిగా రాజుకుంటుంది. పేలే వాతావరణం ఎంత తరచుగా ఉంటుందన్నదాన్ని బట్టి అంతర్జాతీయ ప్రమాణాలు అందుకే ఆవిరికి 0, 1, 2 అని మూడు జోన్లు పెడితే, పొడికి 20, 21, 22 అని వేరే మూడు పెట్టాయి. మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ కూడా ఐఎస్/ఐఈసీ 60079 వరుసలో రెండింటినీ తీసుకుంది. పుస్తకం ఉంది. పౌడర్ ప్రాసెసింగ్ హాల్లోకి వెళ్లి, "ఇక్కడ జోన్ 21 ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుంది, గీసి చూపించండి" అని అడగండి. ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగ్ ఉంది కదా సార్ అంటారు. ఆ గర్వం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంకొకటి. పొడిని రాజేసేది చాలాసార్లు కరెంటు కానే కాదు. అరిగిపోయిన బేరింగ్, కేసింగ్‌కి రాసుకునే బ్లోయర్ రెక్క, డ్రయర్ గోడకి అంటుకుని గంటల తరబడి మాగి తనంతట తాను వేడెక్కిన ముద్ద. మన దగ్గర నాగపూర్‌లోని పెట్రోలియం, పేలుడు పదార్థాల భద్రతా సంస్థ పెసో ఇచ్చే ఆమోదం చూడండి. పెట్రోలియం నిబంధనల కింద ప్రమాదకర ప్రాంతాల్లో వాడే విద్యుత్ పరికరాలకి అది ఇస్తారు. పెట్రోల్ బంకులకి, చమురు డిపోలకి మంచిదే, కాదనను. కానీ బేరింగ్‌కి సర్టిఫికెట్ ఎవరిస్తారు? యూరప్‌లో పాత 94/9 ఆదేశం నాటి నుంచే పంపు, గేర్‌బాక్సు, మిక్సర్ లాంటి యాంత్రిక వస్తువులు కూడా ఈ లెక్కలోకి వచ్చాయి. అదే ఇప్పుడు 2014/34.

మన ప్లాంట్లలో 'ఏటెక్స్ మోటార్' అనే మాట బ్రాండ్ పేరులా నడుస్తుంది. ఏటెక్స్ అన్నది ఫ్రెంచిలో పేలుడు వాతావరణాలు అన్న మాటకి పొట్టి రూపం. అది ఒక్క ఆదేశం కాదు, రెండు. ఒకటి వస్తువుల తయారీదారుడికి, పైన చెప్పిందే. రెండోది 1999/92, అది ఫ్యాక్టరీ యజమానికి, పూర్తిగా పనివాడి కోసం. నీ ప్లాంటులో పేలే వాతావరణం ఎక్కడ పుడుతుందో ముందు నువ్వే కూర్చుని రాయి, జోన్లు గీయి, ఆ చోటికి పసుపుపచ్చ త్రికోణంలో నల్లటి ఈఎక్స్ అక్షరాల బోర్డు పెట్టు, అక్కడ అడుగుపెట్టే ప్రతి మనిషికీ శిక్షణ ఇవ్వు, ఒకే చోట రెండు కాంట్రాక్టర్ల మనుషులుంటే వాళ్లని సమన్వయం చేసే బాధ్యత తీసుకో, ఇదంతా ఒక పత్రంగా పని మొదలవకముందే తయారుచేసి, ప్లాంటు మారినప్పుడల్లా మార్చు. ఇదీ దాని సారం. మనం మొదటి సగాన్ని డాలర్లు పెట్టి దిగుమతి చేసుకున్నాం. రెండో సగానికి దిగుమతి సుంకం కూడా లేదు, అయినా తెచ్చుకోలేదు.

మనకి చట్టం లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. 1948 ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 37 తీసి చదవండి. పేలగల ధూళి, వాయువు, ఆవిరి అని మూడింటినీ పేరుపెట్టి చెప్పింది. యంత్రాన్ని మూసి ఉంచు, ధూళి పేరుకోనివ్వకు, నిప్పు పుట్టే ప్రతి మూలాన్నీ దూరంగా పెట్టు అంది. సెక్షన్ 36ఏ ట్యాంకులోకి దింపే దీపం 24 వోల్టులు దాటకూడదంది. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదికే మన దేశానికి ధూళి పేలుతుందని తెలుసు! తెలిసినదాన్ని 'ఆచరణసాధ్యమైన అన్ని చర్యలూ' అనే ఒక్క ముక్కలో కట్టేసి, ఆచరణసాధ్యం అంటే ఏమిటో తేల్చే పని ఇన్‌స్పెక్టర్‌కీ యజమానికీ మధ్య వదిలేశారు. ఆ ఇద్దరి మధ్య ఏం తేలుతుందో హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి నేను చెప్పాలా? చనిపోతే కనీస జరిమానా 25,000 రూపాయలు.

2025 నవంబరు 21 నుంచి ఆ చట్టం స్థానంలో వృత్తి భద్రతా కోడ్ వచ్చింది. కనీస జరిమానా 5 లక్షలకి పెరిగింది. రెండేళ్ల దాకా జైలు 'లేదా' జరిమానా 'లేదా' రెండూ. ఆ 'లేదా' అన్నచోట ఎటువైపు తూగుతుందో ఊహించడం కష్టం కాదు. సెక్షన్ 37 లాంటి వివరాలు కోడ్ ఒంట్లో లేవు, ప్రమాణాలకీ నిబంధనలకీ వదిలారు. ఇన్‌స్పెక్టర్ పేరు ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ అయింది. ఏ ఫ్యాక్టరీకి వెళ్లాలో ఇక కంప్యూటర్ లాటరీ తీస్తుంది.

యజమానుల మాటా ఒకటుంది, పూర్తిగా కొట్టిపారేయను. చిన్న బల్క్ డ్రగ్ యూనిట్లు చైనా ధరలతో పోటీపడి బతుకుతున్నాయి, కిలోకి పది రూపాయలు తేడా వస్తే ఆర్డరు పోతుంది. పీసీబీ (కాలుష్య నియంత్రణ మండలి), ఫైర్, పెసో, డ్రగ్ కంట్రోల్, ఫ్యాక్టరీల శాఖ, ఇప్పటికే అయిదు గుమ్మాలు తిరుగుతున్నాం, ఆరోది పెట్టకండి అంటారు. ప్రతి రియాక్టర్‌కీ ఆక్సిజన్‌ని తరిమే నైట్రోజన్ పెట్టడం నిజంగా ఖర్చే. కానీ స్టాటిక్ పట్టని సంచి, ఎర్తింగ్ క్లిప్పు, పైపులు అతికే ఫ్లాంజీల మధ్య రాగి జంపర్, వారానికోసారి దూలాల మీద దుమ్ము వాక్యూమ్‌తో తీయించడం, నైలాన్ బదులు నూలు యూనిఫాం... వీటిలో ఏది మిమ్మల్ని చైనాకి ఓడిస్తుంది? ఇవి ఖర్చు వల్ల ఆగలేదు. ఎవరూ అడగకపోవడం వల్ల ఆగాయి.

అడిగితే ఏమవుతుందో ఈ ఊరికి బాగా తెలుసు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాళ్లు వస్తున్నారంటే ప్లాంటు పెళ్లిల్లు అవుతుంది. గోడలకి సున్నాలు, రికార్డులకి రాత్రిళ్లు, నాణ్యత చూసే క్యూఏ వాళ్లకి నిద్రల్లేవు. లోపాలు రాసిచ్చే ఫారం, ఒక్క 483, వస్తే మర్నాడు షేరు పడుతుంది, అమీర్‌పేట హాస్టల్లో ఉండే ఫార్మసీ కుర్రాడికి కూడా ఆ అంకె అర్థం తెలుసు. మందు కలుషితం కాకూడదని వాళ్లు ధూళిని వెతుకుతారు. మనిషి కాలకూడదని వెతకరు, అది వాళ్ల పని కాదు కూడా. తమాషా ఏమిటంటే మందు శుభ్రత కోసం చేసే ఏర్పాట్లే కొన్నిసార్లు మనిషి మీదికొస్తాయి. పాలిథిన్ లైనర్ అందుకే వచ్చింది. నున్నటి ఫాల్స్ సీలింగ్ అందుకే వచ్చింది. 2003 జనవరి 29న అమెరికాలో కిన్‌స్టన్ అనే ఊళ్లో సిరంజీలకీ మందు సీసాలకీ రబ్బరు భాగాలు చేసే ఫ్యాక్టరీ పేలి ఆరుగురు పోయారు. కింద హాలంతా అద్దంలా తుడిచి ఉంచేవారు. పాలిథిలీన్ పొడి పైకి లేచి, ఎవరికీ కనపడకుండా, సీలింగ్ పలకల మీద పేరుకుంది.

ఈ సంగతి నాకెలా తెలుసు? ఆ దేశపు కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తు చేసి, నివేదిక మొత్తం జనం ముందు పెట్టింది కాబట్టి. అసలు నా కడుపుమంట ఇక్కడుంది. నాకు తెలిసిన సేఫ్టీ ఆఫీసర్లందరూ కొత్త కుర్రాళ్లకి క్లాసు చెప్పాలంటే యూట్యూబ్‌లో ఆ బోర్డు వాళ్ల యానిమేషన్ వీడియోలే వేస్తారు. జార్జియాలో చక్కెర మిల్లు, టెక్సాస్‌లో రిఫైనరీ. బొల్లారంలో పనిచేసే కుర్రాడు అమెరికా చావుల నుంచి పాఠం నేర్చుకోవాలి. పక్క ప్లాట్‌లో పేలినదాని నుంచి నేర్చుకోవడానికి అతని దగ్గర ఏముంది? పేపరు కటింగు. అందులో 'బాయిలర్ పేలుడు' అని ఉంటుంది, పేలింది ఏదైనా మనకి బాయిలరే.

రైలు ప్రమాదం జరిగితే రైల్వే సేఫ్టీ కమిషనర్ వస్తాడు. ఆయన రైల్వే బోర్డు కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద ఉంటాడు, రైల్వేలని నిలదీయగలగాలని. విమానం కూలితే దర్యాప్తుకి ఏఏఐబీ అని వేరే సంస్థ ఉంది. రసాయన ఫ్యాక్టరీ పేలితే? కలెక్టర్, ఇన్నాళ్లూ లైసెన్సు ఇచ్చిన శాఖ అధికారులు, ఒక కమిటీ. తన పరీక్ష పేపరు తానే దిద్దుకునే పద్ధతి. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది పోయారు, అక్కడ లీకయిన సాల్వెంట్ ఆవిరి మేఘమై అంటుకుంది. ఏ ఫ్లాంజీ, ఏ గ్యాస్కెట్, దాన్ని చివరిసారి మార్చింది ఎప్పుడు అన్నది పాశమైలారంలో ఉన్న మెయింటెనెన్స్ ఇంజినీరు చేతికి ఒక పుస్తకంగా అంది ఉంటే, అతను మర్నాడే తన పైపు చూసుకునేవాడు కదా. విశాఖలో స్టైరీన్ ఆవిరి లీకయిన ఘటన మీద 2020లో కమిటీ లోతైన నివేదిక ఇచ్చింది, వివరాలు బయటికొచ్చాయి కూడా. ట్యాంకులో నిరోధక రసాయనం చాలలేదనీ, ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు సరిగా లేదనీ అందరికీ తెలిసింది. చేయగలం అని తెలియడానికి అది చాలు. అది ఆనవాయితీ ఎందుకు కాలేదు? నష్టపరిహారం ప్రకటన ఆ సాయంత్రానికే వస్తుంది. కారణం కూడా అంత శ్రద్ధగా ప్రకటిస్తే ఎవరికి నష్టమో ఆలోచించండి.

ఇదంతా యూరప్ అమెరికాల గొప్ప అనుకునేవాళ్లు ఉంటారని తెలుసు. సరే, అటు వద్దు. గోదావరిఖని వెళ్దాం, నాలుగైదు గంటల దారి. సింగరేణి భూగర్భ గనిలో షిఫ్ట్ మొదలయ్యే ముందు సర్దార్, అంటే ఆ చోటి భద్రత చూసే ఉద్యోగి, దిగి గ్యాసు చూస్తాడు. అతనికి గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ ఉండాలి, సర్దార్ సర్టిఫికెట్ ఉండాలి, రెండూ పరీక్ష పాసై తెచ్చుకున్నవి. గమనించండి, ఇక్కడ సర్టిఫికెట్ మనిషికి ఉంది! మీథేన్ 5 శాతం దగ్గర పేలుతుంది. 1.25 శాతం తగిలితే చాలు, కరెంటు తీసేసి మనుషుల్ని బయటికి పంపాలని నిబంధన. మేనేజరుకి ఫోన్ చేసి అడగక్కర్లేదు, అదే అతని విధి. బొగ్గు ధూళి పేలుతుందని తెలుసు కాబట్టి దారుల్లో రాతిపొడి చల్లుతారు, మండని పొడితో మండే పొడిని చంపడానికి. గనుల్లో అంతా సవ్యంగా ఉందని నేననడం లేదు. అక్కడా చచ్చారు, అక్కడా దాచారు. కానీ ఆ వ్యవస్థ ఒక మాట ఒప్పుకుంది. ప్రమాదాన్ని మొదట చూసేది కింద ఉన్నవాడు, ఆపే అధికారం వాడికే ఉండాలి అని.

ఒకే రాష్ట్రంలో, ఒకే రకం ప్రమాదానికి, ఒకచోట పరీక్ష పాసైన సర్దార్, ఇంకోచోట నిన్న రైలు దిగిన హెల్పర్. పాత ఫ్యాక్టరీల చట్టం సెక్షన్ 41హెచ్ ప్రమాదం ముంచుకొస్తోందని తోస్తే కార్మికుడు యాజమాన్యం దృష్టికి 'తీసుకురావచ్చు' అంది. తీసుకురావచ్చు, సరే. ఆ తర్వాత? పని ఆపి బయటికి నడవచ్చని ఎక్కడా లేదు. యూరప్ 89/391 ఆదేశం అలా బయటికి నడిచినవాడికి ఏ నష్టమూ చేయకూడదని రాసుకుంది. కాంట్రాక్టరు మేస్త్రీ జాబితాలో పేరున్నవాడు ఇక్కడ బయటికి నడిస్తే గేటు దగ్గరే పాసు తీసుకుంటారు. జాబితాలో పేరు సరిగా ఉంటే అదే గొప్ప. పాశమైలారంలో లోపల ఎవరెవరున్నారో తేల్చడానికి రోజులు పట్టింది. పేలే చోటులోకి ఎవరు వెళ్లారు, ఎవరు వచ్చారు అన్న లెక్క లేని ఫ్యాక్టరీకి ఏ ఫ్లేమ్‌ప్రూఫ్ ఫిట్టింగ్ ఎందుకు?

ఆ పాత చట్టంలోనే ఇంకో ముక్క ఉండేది, ఎవరూ పట్టించుకోనిది. సెక్షన్ 108. ఫ్యాక్టరీలో పెట్టే నోటీసులు ఇంగ్లీషులోనూ, ఎక్కువమంది కార్మికులకి అర్థమయ్యే భాషలోనూ ఉండాలంది. పటాన్‌చెరు బెల్టులో ఆ భాష చాలా షెడ్లలో ఇప్పుడు తెలుగు కాదు. ఒడియా, భోజ్‌పురి, బెంగాలీ. పోయిన చలికాలం ఇస్నాపూర్ చౌరస్తాలో టీ తాగుతుంటే షిఫ్ట్ దిగిన ఇద్దరు పక్కన కూర్చున్నారు. ఒకడిది గంజాం జిల్లా, ఇరవై రెండేళ్లుంటాయేమో. కనుబొమ్మల మీద కూడా తెల్లగా ఉంది. ఏం తయారుచేస్తారని హిందీలో అడిగాను.

"సఫేద్ పౌడర్, భయ్యా."

పేరేంటి దానిది?

పక్కవాడి మొహం చూశాడు. పక్కవాడికీ తెలియదు. డ్రమ్ము మీద రాసి ఉంటుందట, ఇంగ్లీషులో. లోపల ఏమేం చేయకూడదని చెప్పారంటే వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. బీడీ కాల్చకూడదు, ఫోను తేకూడదు, సూపర్‌వైజర్ లేకుండా మిషను ముట్టుకోకూడదు. మరి పొడి నేల మీద పడితే? ఊడ్చేస్తామన్నాడు. దేంతో? ప్లాస్టిక్ చీపురుతో, లేదా కంప్రెసర్ గాలి పైపు పెట్టి కొడితే తొందరగా పోతుందట, మూలల్లోది కూడా పైకి లేచి కిటికీలోంచి వెళ్లిపోతుందట.

ఆ గాలి పైపు కలిపి ఉన్న కంప్రెసర్ మోటారుకి ఫ్లేమ్‌ప్రూఫ్ సర్టిఫికెట్ తప్పకుండా ఉండి ఉంటుంది.